పాప పాలు మానలేదు, మళ్ళీ రెండు గీతలు

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. నాకు ఇరవై ఏడేళ్ళు. పాపకు తొమ్మిదో నెల, ఆపరేషన్ కాన్పు. గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్లో చేస్తాను. పాపకు ఆరు నెలలు నిండాక మళ్ళీ పనిలోకి పోతున్నాను. మా ఆయన కొండకు ట్యాక్సీ తోలతాడు. పోయిన వారం పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పోతే కల్యాణకట్టలో కళ్ళు తిరిగి కూలబడిపోయాను. ఎండకేమో అనుకున్నాను. ఇంటికొచ్చి టెస్ట్ చేసుకుంటే రెండు గీతలు. కాన్పు అయినప్పటి నుంచి నాకు నెలసరి సరిగా రానేలేదు. రెండు నెలల కిందట ఒక్కరోజు మరకలా కనబడింది, అంతే. పాలిస్తున్నాను కదా, ఏమీ కాదులే అనుకున్నాం. మా ఆయనకు చెబితే "నీ ఇష్టం" అని అటు తిరిగి పడుకున్నాడు. మా అత్త "దేవుడిచ్చిందాన్ని కాదనకూడదు, కని మీ వదినకిచ్చెయ్" అంటోంది. వదినకు పెళ్ళై పదేళ్ళు, పిల్లల్లేరు. షాపులో తోటి అమ్మాయి మెడికల్ షాపు నుంచి ఐదు మాత్రల అట్ట తెచ్చిచ్చింది. బియ్యం డ్రమ్ములో దాచాను. కొండ కింద బతుకుతూ ఇట్లాంటి పని చేస్తే పాపం తగులుతుందేమోనని భయం. ఒక్కోసారి పాప ఏడుస్తున్నా ఎత్తుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను. మా అమ్మ లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ముందు బియ్యం డ్రమ్ములో ఉన్న ఆ అట్ట సంగతి మాట్లాడుకుందాం. మిగతావన్నీ రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు. ఇది చదివే సమయానికి అందులో మొదటి మాత్ర మింగకపోయి ఉంటే, మింగొద్దు. మింగేసి ఉంటే చదవడం ఇక్కడే ఆపి, ఆ అట్ట చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళు.

ఆ మాత్రలు చెడ్డవని నేననను. గర్భం తీయడానికి డాక్టర్లు ఇచ్చేదీ వాటినే. ఒకటి మిఫెప్రిస్టోన్, నాలుగు మిసోప్రోస్టాల్. మొదటిది వేసుకున్నాక ఒకటి రెండు రోజులకు మిగతావి. కానీ మన దేశంలో వాటిని 9 వారాల లోపు గర్భానికే, డాక్టర్ చూసి ఇవ్వాలి. ఆ వారాలను లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. నీకు ఆ రోజే తెలీదు. రెండు నెలల కిందట కనబడింది నెలసరో, అప్పటికే నిలిచిన గర్భం వల్ల వచ్చిన మరకో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను, మాత్రలు తెచ్చిన ఆ అమ్మాయీ చెప్పలేదు. ఏడు వారాలు అయ్యుండొచ్చు, పదమూడూ అయ్యుండొచ్చు. అది తేల్చేది స్కానే.

ఇంకో కారణం నీ ఆపరేషన్. గర్భం ఒక్కోసారి గర్భసంచిలో కాక ట్యూబులో నిలుస్తుంది. ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళకు పాత కుట్టు మచ్చలోనే నిలవడం కూడా ఉంది. రెండూ అరుదే. కానీ ట్యూబులో ఉన్నదానికి ఈ మాత్రలు పనిచేయవు. రక్తం కనబడగానే పనైపోయిందనుకుని ఇంట్లో పడుకుంటారు, లోపల ట్యూబు పగులుతుంది.

నేను పాతికేళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేశాను. ఒక రాత్రి పలమనేరు వైపు పల్లె నుంచి ఒకామెను ఆటోలో తీసుకొచ్చారు. చీర కింది సగం తడిసి బరువెక్కిపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. సెలైన్ పెడదామని చెయ్యి పట్టుకుంటే పిడికిలి బిగించి ఉంది. విప్పితే అందులో ఖాళీ అట్ట. ఐదు గుంటలకూ రేకు చిరిగి ఉంది. డాక్టరమ్మ అడిగితే చూపించాలని దారి పొడుగునా అలాగే పట్టుకొచ్చింది. ఏం మింగిందో మేం వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది. మూడు సంచుల రక్తం ఎక్కింది, బతికింది. మాత్రలు అమ్మిన షాపులో ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. ఎన్నో నెల అని కూడా. కాగితంలో చుట్టి ఇచ్చేశారట. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

కాబట్టి నీ మొదటి పని నిర్ణయం తీసుకోవడం కాదు, స్కాన్ చేయించుకోవడం. గర్భం ఎక్కడ ఉంది, ఎన్ని వారాలు, పాత కుట్టు దగ్గర ఎలా ఉంది, ఈ మూడూ అడుగు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బ్లడ్ గ్రూప్ చూడమను. నీది నెగటివ్ గ్రూప్ అయితే అది ముందే డాక్టర్‌కి తెలియాలి, ఒక ఇంజెక్షన్ అవసరం పడొచ్చు. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఇవన్నీ జరుగుతాయి. ఈ లోపల బొప్పాయి ముక్కలు, నువ్వులు బెల్లం అంటూ ఎవరేం చెప్పినా వినకు. వాటిని నమ్ముకుని వారాలు పోగొట్టుకున్న వాళ్ళను చాలామందిని చూశాను.

పాలిస్తుంటే గర్భం రాదన్న మాట ఎవరు చెప్పారో గానీ, అందులో సగమే నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, నెలసరి మళ్ళీ మొదలై ఉండకూడదు. ఈ మూడూ కలిస్తేనే ఆ కాపు. నువ్వు పనిలోకి పోవడం, పాపకు ఉగ్గు మొదలుపెట్టడం, పాలిచ్చే వేళలు తగ్గడం అన్నీ ఒకేసారి జరిగాయి. నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది కాబట్టి ఏ సూచనా లేకుండానే గర్భం నిలవొచ్చు. ఇందులో నీ బుద్ధితక్కువ ఏమీ లేదు. కాన్పయ్యి ఇంటికి పంపేటప్పుడు ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పాల్సింది మా లాంటి వాళ్ళం.

ఇక నీ ఉత్తరంలో నన్ను పట్టుకుని ఆపేసిన మాట ఒకటుంది. పాప ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నానన్నావు. చివర్లో, దారిన పోతూ అన్నట్టు రాశావు. నాకు మాత్రం ఉత్తరమంతటిలోకీ అదే పెద్ద సంగతి. కాన్పైన ఏడాదిలోపు తల్లులకు డిప్రెషన్ రావడం మామూలే. అది బద్ధకం కాదు, బిడ్డ మీద ప్రేమ లేకపోవడమూ కాదు, మందులకూ మాటలకూ తగ్గే జబ్బు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి అలాగే అయిపోతుంది. డాక్టర్ దగ్గరకు వెళ్ళినప్పుడు గర్భం సంగతితో పాటు ఈ గోడ సంగతీ నాతో చెప్పినట్టే చెప్పు. అంతవరకు ఆగలేకపోతే 14416కి ఫోన్ చెయ్. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డనో నిన్నో ఏమైనా చేసుకోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అర్ధరాత్రైనా సరే, పక్కింటివాళ్ళ తలుపు కొట్టు. పాపను వాళ్ళ చేతికిచ్చి ఆసుపత్రికి పద.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలసట కూడా ఒక్కోసారి మన బదులు నిర్ణయం తీసేసుకుంటుంది. "నాకు రెండో బిడ్డ వద్దు" అనేది వేరు, "ఇంకొక్క రాత్రి కూడా లేవలేను" అనేది వేరు. రెండింటికీ బయటికొచ్చే మాట ఒకటే, "వద్దు". నీ వద్దు ఏ వద్దో నువ్వే చూసుకోవాలి. రెండోదైనా అదేం చిన్న కారణం కాదు. ఏ కారణంతో తీసుకున్నావో నీకు తెలిసుంటే తర్వాత కుమిలిపోవు, నేను కోరేది అంతే.

నీ చేతిలో ఉన్న దారులు ఇవి.

గర్భం వద్దనుకుంటే చట్టం నీ వైపే ఉంది. 1971లో వచ్చిన గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. గర్భం కొనసాగితే తల్లి శరీరానికో మనసుకో పెద్ద హాని ఉందా అని డాక్టర్ చూడాలి. అలా చూసేటప్పుడు ఆమె బతుకు పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. పాలు తాగే పాప, ఏడాది తిరగని ఆపరేషన్ కుట్టు, నువ్వు రాసిన మనసు, ఇవన్నీ డాక్టర్‌కి విడమరచి చెప్పు. పద్దెనిమిదేళ్ళు నిండినదానివి, నీ సంతకం చాలు. భర్త సంతకం కావాలని కొన్నిచోట్ల అడుగుతారు, చట్టం అడగదు. నీ పేరు బయటపెడితే అది శిక్ష పడే నేరం. 9 వారాల లోపైతే మాత్రలు, ఆ తర్వాత కొన్ని వారాల వరకు లోపలిది పీల్చి తీసే చిన్న ప్రక్రియ, ఇంకా ముదిరితే ఏ పద్ధతో డాక్టరే చెబుతారు. ఏదైనా డాక్టర్ చేతుల మీదుగా, అనుమతి ఉన్న ఆసుపత్రిలోనే. పాలిస్తున్నావని చెప్పడం మరిచిపోకు. ఆ తర్వాత గంటకు రెండు ప్యాడ్లు చొప్పున రెండు గంటలు వరసగా తడిసినా, జ్వరం వచ్చినా, కడుపునొప్పి తగ్గకపోయినా ఇంట్లో చూద్దాంలే అనుకోకు, 108కి ఫోన్ చెయ్. మొదటి మాత్ర మింగి మనసు మార్చుకుని మధ్యలో ఆపేయడం మాత్రం చాలా చిక్కు. అందుకే మనసు తేల్చుకున్నాకే మాత్ర.

(ఇది చదువుతున్న పెళ్ళికాని అమ్మాయిలకు ఒక మాట. మీరు భయపడుతున్నంతగా ఈ తలుపు మూసుకుపోయి లేదు. కొన్ని పరిస్థితుల్లో 24 వారాల వరకు వీలిచ్చే నిబంధనలో పెళ్ళయినవాళ్ళకూ కానివాళ్ళకూ తేడా చూపకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.)

ఉంచుకోవాలనుకుంటే, ఆ దారీ మూసుకుపోలేదు. కాన్పుకీ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ళు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీకు ఏడాది కూడా కాలేదు. కుట్టు దగ్గర విచ్చుకునే ప్రమాదం, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తక్కువ, నీకు రక్తహీనత, వీటి భయం మామూలు కంటే ఎక్కువ. అయినా ఇంత తక్కువ ఎడంతో బాగా కన్నవాళ్ళు నా కళ్ళముందే ఎంతోమంది ఉన్నారు. వాళ్ళు మొదటి నెలల నుంచే డాక్టర్ దగ్గర పేరు రాయించుకుని, ఐరన్ మాత్రలు మానకుండా, రక్తనిధి, ఆపరేషన్ థియేటర్ ఉన్న పెద్దాసుపత్రిలోనే కాన్పు పెట్టుకున్నవాళ్ళు. నొప్పులొచ్చాక చూద్దాం అనే ధోరణి నీకు పనికిరాదు. కడుపుతో ఉండి పాలిస్తే పాలు చెడిపోతాయంటారు, చెడవు. డాక్టర్ వద్దనకపోతే పాపకు ఇస్తూ ఉండొచ్చు. నీ షాపులో పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేస్తుంటే రెండో కాన్పుకీ 26 వారాల జీతంతో సెలవు నీ హక్కు. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి, అంతే. గర్భం తీయించుకున్నా ఆసుపత్రి కాగితం చూపిస్తే 6 వారాల జీతంతో సెలవు ఉంది. ఈ రెండోది యజమానుల్లో కూడా చాలామందికి తెలీదు, అడిగేవాళ్ళు లేక.

ఇక ఇంటి మనుషులు. మీ అత్తగారు చెప్పిన మాట నాకు నచ్చలేదు. మీ వదిన బాధ నాకు అర్థమవుతుంది. పదేళ్ళుగా ప్రతి శుభకార్యంలోనూ చుట్టాలు అడిగే ప్రశ్నలకు ఆమె ఎంత నలిగిపోయిందో ఊహించగలను. కానీ ఆ బాధకు మందు నీ కుట్టు మీద, నీ తొమ్మిది నెలల మీద పెట్టడం న్యాయం కాదు. హిందూ దత్తత చట్టం ప్రకారం బిడ్డను ఇవ్వాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి, డబ్బు చేతులు మారకూడదు. ఒకసారి పద్ధతిగా జరిగిన దత్తత మళ్ళీ రద్దు కాదు. రేపు అదే ఇంట్లో, పండగకీ పబ్బానికీ, నీ బిడ్డ నీ ముందే ఇంకొకరిని అమ్మా అని పిలుస్తుంటే తట్టుకోగలవా? తట్టుకోగలిగిన వాళ్ళూ ఉన్నారు, నేను కాదనను. కానీ కడుపులో బిడ్డ ఉండగా, అత్తకు మాటిచ్చి కట్టుబడే సంగతి కాదది. "అత్తా, నా ఒంటి సంగతి డాక్టరమ్మ చెప్పాక మాట్లాడదాం" అని అక్కడికి ఆపు. ఆడో మగో చూపించుకుందాం అనే మాట గానీ ఎవరి నోటైనా వస్తే అక్కడే తుంచెయ్. అది 1994 చట్టం కింద జైలుకు పంపే నేరం.

మీ ఆయన "నీ ఇష్టం" గురించి. ఈ మాట మంచి మగవాళ్ళు కూడా అంటారు. బలవంతపెట్టకూడదని అలా అంటారు, భయపడి అంటారు, ఏం చెప్పాలో తెలీక అంటారు. కానీ వినే ఆడదానికి అది ఒంటరిగా వదిలేసినట్టే ఉంటుంది. నిర్ణయం నీదే, నిజమే. మోసే బరువు మాత్రం ఇద్దరిదీ. రాత్రి ఘాట్ రోడ్డు దిగి అలసిపోయి వచ్చినప్పుడు ఎత్తకు. సవారీ లేని పూట, పాపను ఆయన ఒళ్ళో పెట్టి అడుగు. "కంటే రాత్రుళ్ళు ఎవరు లేస్తారు? నా జీతం ఆగిన నెలలు అద్దె ఎట్లా కడదాం? తీయించుకుంటే ఆ రోజు బండి ఆపి నాతో వస్తావా, పాపను చూసుకుంటావా? రేపు ఏ గొడవలోనైనా ఈ సంగతి ఎత్తి నన్ను పొడవనని చెప్పగలవా?" ఈ నాలుగింటికీ ఆయన ఇచ్చే జవాబులు వింటే నీకు సగం దారి కనబడుతుంది. జవాబు చెప్పకపోతే అదీ తెలుసుకోవాల్సిన సంగతే.

పాపం గురించి అడిగావు. నేను నర్సును, పూజారిని కాదు, దానికి తీర్పు చెప్పలేను. నేను చూసినవాళ్ళలో ఈ పనిని తేలిగ్గా చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయిపోయాక అలిపిరి మెట్లెక్కి వచ్చి కుదుటపడ్డవాళ్ళు ఉన్నారు. వద్దనుకుని వచ్చి, బల్ల మీద పడుకున్నాక, "నా వల్ల కాదు సిస్టర్" అని లేచి ఇంటికి పోయి కన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరినీ నేను తప్పుపట్టలేదు. నీ లోపలి నమ్మకమే తీయించుకోవద్దంటుంటే అది నిజమైన జవాబే, చట్టం ఒప్పుకుంది కదా అని దాన్ని నొక్కెయ్యకు. కానీ ఆ వద్దు మీ అత్తగారి గొంతుతో వినబడుతోందా, నీ గొంతుతోనా అన్నది చూసుకో.

స్కాన్ అయ్యాక డాక్టర్ వ్యవధి ఉందంటే ఒక పని చెయ్. ఒక రోజంతా "నేను కంటున్నాను" అని నిర్ణయమైపోయినట్టే గడుపు. పాపకు స్నానం చేయించు, షాపుకు పో, బిల్లులు కొట్టు, తిరిగి రా. మర్నాడు "కనడం లేదు" అని నిర్ణయమైనట్టు అవే పనులు చెయ్. ఎవరితోనూ అనకు. ఏ రోజు సాయంత్రం పాపను ఎత్తుకున్నప్పుడు చేతులు తేలిగ్గా ఉన్నాయో గమనించు. లెక్కలు వేసి తేల్చలేనిది ఒక్కోసారి ఒళ్ళు తేలుస్తుంది. వ్యవధి లేదంటే ఇదంతా వదిలెయ్, ఆ రోజే డాక్టర్ ముందు కూర్చుని మాట్లాడుకో.

ఏ దారిన పోయినా తర్వాత ఏం వాడాలో ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే అడుగు. కాపర్‌టీ, లోపలిది పీల్చి తీసిన రోజైనా, ఆపరేషన్ కాన్పులోనైనా వేయించుకోవచ్చు. మూడు నెలలకోసారి వేసే 'అంతర' అనే ఇంజెక్షన్ ఉంది. ప్రభుత్వాసుపత్రిలో రెండూ ఉచితమే. ఇక పిల్లలు చాలనుకున్న రోజున కోత లేని వేసెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు చేసే ఆపరేషన్, మీ ఆయన చేయించుకోవచ్చు. నీది ఇప్పటికే ఒకసారి కోసిన కడుపు.

సోమవారం పొద్దున్నే ఓపీ చీటీ తీసుకో, ఆలస్యమైతే లైను పెరిగిపోతుంది. పాపను మీ ఆయనకు అప్పజెప్పు, లేదా ఇద్దరూ కలిసి వెళ్ళండి, అది ఇంకా మంచిది. మొదటి కాన్పు డిశ్చార్జి కాగితం తీసి పెట్టుకో, కుట్టు సంగతి అందులో ఉంటుంది. ఏమైనా తిని వెళ్ళు. బియ్యం డ్రమ్ములోంచి ఆ అట్ట తీసి బ్యాగులో వేసుకుని డాక్టరమ్మకు చూపించి, అక్కడే ఇచ్చేసి రా.